హృదయానికి ఆహారం ఎక్కడి నుంచి? – అల్లామా ఇబ్నె నఫీస్ (రహ్మలై) జీవితం

కూర్చున్నంతసేపూ బాగానే ఉన్న మనిషికి నాలుగు మెట్లెక్కగానే ఛాతీ ఎందుకు పట్టేస్తుంది? ఆగి నిలబడితే ఆ బాధ ఎందుకు తగ్గిపోతుంది? నేటి వైద్యశాస్త్రం ఈ ప్రశ్నకు చెప్పే జవాబు ఒక చిన్న సత్యం మీద నిలబడి ఉంది. గుండె రాత్రింబవళ్ళు రక్తంతో నిండి ఉంటుంది. అయినా గుండె కండ తన గదుల్లోని ఆ రక్తం మీద బతకదు. తన మీదుగా పాకి, తన కండలోకి దిగిన సన్నటి నాళాలు తెచ్చిన రక్తంతోనే అది బతుకుతుంది. ఆ నాళాలు బాగుంటే మనిషి కొండలెక్కగలడు. అవి పూడిపోతే మెట్లు కూడా ఎక్కలేడు.

ఈ సత్యాన్ని సుమారు 780 సంవత్సరాల క్రితం, తన కాలంలో ఎదురులేని గ్రంథానికి ఎదురు నిలిచి స్పష్టంగా రాసిన వ్యక్తి ఒక ముస్లిం వైద్యుడు. ఆయన వైద్యుడు మాత్రమే కాదు, షాఫయీ ఫిఖహ్ బోధించిన ధర్మవేత్త కూడా. ఆయనే అల్లామా అలాఉద్దీన్ అలీ బిన్ అబిల్ హజ్మ్ అల్ ఖర్షీ. లోకం ఆయనను ఇబ్నె నఫీస్ అనే పేరుతో ఎరుగుతుంది.

దమస్కస్‌లో విద్యాభ్యాసం

ఇబ్నె నఫీస్ (రహ్మలై) క్రీ.శ. 1213 ప్రాంతంలో సిరియా దేశంలోని దమస్కస్ పరిసరాల్లో జన్మించారు. అప్పటి దమస్కస్ విద్యలకు నిలయం. మస్జిదుల్లోనూ మద్రసాల్లోనూ హదీసు, ఫిఖహ్, అరబీ వ్యాకరణం, తర్కశాస్త్రం బోధించేవారు. ఇబ్నె నఫీస్ ఈ విద్యలన్నిటినీ అభ్యసించారు. అయితే ఆయన మనసు వైద్యం వైపు ఎక్కువగా మొగ్గింది.

ఆ నగరంలో సుల్తాన్ నూరుద్దీన్ జంగీ 1154లో కట్టించిన పెద్ద ఆసుపత్రి ఒకటి ఉండేది. దాన్ని నూరీ బీమారిస్తాన్ అనేవారు. అక్కడ రోగులకు చికిత్స జరిగేది, విద్యార్థులకు పాఠాలూ జరిగేవి. గురువు రోగిని చూస్తుంటే శిష్యులు చుట్టూ నిలబడి గమనించేవారు. తరువాత కూర్చొని గ్రంథాలు చదివి చర్చించుకునేవారు. ఆ కాలపు ప్రసిద్ధ వైద్యుడు ముహజ్జబుద్దీన్ దఖ్వార్ అక్కడ గురువుగా ఉండేవారు. 1230లో ఆయన మరణించేనాటికి ఇబ్నె నఫీస్ ఇంకా ఇరవై ఏళ్ళు నిండని యువకుడు. అయినా ఆ గురువు దగ్గర నేర్చుకున్నది ఆయనకు జీవితాంతం ఉపయోగపడింది. రోగిని కళ్ళతో చూడటం, చూసినదాన్ని గ్రంథంతో పోల్చడం అనే పద్ధతి ఆయనకు అక్కడే అలవాటయింది.

కైరో నగరంలో

కొన్నేళ్ళకు ఆయన ఈజిప్టు రాజధాని కైరోకు తరలి వెళ్ళి అక్కడే స్థిరపడ్డారు. పగటివేళ ఆసుపత్రిలో రోగులను చూసేవారు, శిష్యులకు వైద్యం చెప్పేవారు. మస్రూరియా మద్రసాలో షాఫయీ ఫిఖహ్ బోధించేవారు. ధర్మశాస్త్రమూ వైద్యశాస్త్రమూ ఒకే మనిషిలో కలిసి ఉండటం ఆనాడు వింతేమీ కాదు. అయితే రెండింటిలోనూ ఇంత ఎత్తుకు ఎదిగినవారు అరుదు. అందుకే షాఫయీ విద్వాంసుల జీవితాలను గ్రంథస్థం చేసిన ఇమామ్ సుబ్కీ ఆయనకు తన గ్రంథంలో చోటిచ్చారు. వైద్యంలో ఆయన సాటి భూమ్మీద లేరని కూడా రాశారు.

ఆయన జీవించిన కాలం ప్రశాంతమైనది కాదు. 1250లో ఫ్రాన్సు రాజు తొమ్మిదవ లూయీ సైన్యంతో ఈజిప్టులోకి చొచ్చుకువచ్చి పట్టుబడ్డాడు. 1258లో మంగోలులు బగ్దాద్‌ను నేలమట్టం చేశారు. 1260లో ఆయన చదువుకున్న దమస్కస్ కూడా వారి చేతికి చిక్కింది. అదే ఏడు ఐన్ జాలూత్ యుద్ధంలో ఈజిప్టు సైన్యం మంగోలులను ఓడించింది. ఆ సైన్యపు నాయకుల్లో ఒకడైన బైబర్స్ తరువాత సుల్తాన్ అయ్యాడు. ఇబ్నె నఫీస్ ఆయనకు వైద్యులుగా ఉన్నారు. ఈజిప్టు వైద్యులందరికీ పెద్దగా కూడా నియమితులయ్యారు. గ్రంథాలయాలు తగలబడుతున్న ఆ రోజుల్లో ఆయన ఆపకుండా గ్రంథాలు రాస్తూనే ఉన్నారు.

గురువుల మీద గౌరవం, సత్యం మీద నమ్మకం

ఆ కాలంలో వైద్యమంటే రెండు పేర్లు. ఒకటి క్రీ.శ. రెండవ శతాబ్దపు గ్రీకు వైద్యుడు గాలెన్. మనవాళ్ళు ఆయనను జాలీనూస్ అంటారు. రెండవది హకీం ఇబ్నె సీనా. ఇబ్నె సీనా గ్రంథం అల్ ఖానూన్ వైద్యవిద్యకు మూలస్తంభం. దాన్ని కాదనడమంటే వైద్యాన్నే కాదన్నట్టు ఉండేది.

జాలీనూస్ ఇలా బోధించాడు: గుండెలో కుడి గదికీ ఎడమ గదికీ మధ్యనున్న గోడలో కంటికి కనిపించని సన్నటి రంధ్రాలున్నాయి. కుడివైపు రక్తం వాటి గుండా ఊరి ఎడమవైపుకు చేరుతుంది. వెయ్యేళ్ళకు పైగా వైద్యులు ఈ మాటనే నమ్ముతూ వచ్చారు.

ఇబ్నె నఫీస్‌కు 30 ఏళ్ళు నిండకముందే, 1242 నాటికి, ఖానూన్‌లోని శరీర నిర్మాణ భాగాలను ఒకచోట చేర్చి ఒక వ్యాఖ్యానం రాశారు. దాని పేరు షరహ్ తష్రీహుల్ ఖానూన్. అందులో ఆయన జాలీనూస్ మాటను సూటిగా ఖండించారు. ఆ గోడ దళసరిగా, గట్టిగా ఉంటుందని, కనిపించే రంధ్రాలు గాని కనిపించని రంధ్రాలు గాని అందులో లేవని తేల్చి చెప్పారు. మరి రక్తం కుడి నుంచి ఎడమకు ఎలా చేరుతుంది? కుడి గదిలోని రక్తం పెద్ద నాళం గుండా ఊపిరితిత్తులకు వెళుతుందని, అక్కడ గాలితో కలుస్తుందని, తరువాత మరో నాళం గుండా ఎడమ గదికి చేరుతుందని ఆయన వివరించారు. ఊపిరితిత్తుల్లో ఆ రెండు నాళాల మధ్య దారులు ఉండి తీరాలని కూడా రాశారు. ఆ సన్నటి దారులను సూక్ష్మదర్శినితో కంటికి చూపించినది 1661లో ఇటలీకి చెందిన మాల్పిఘీ. అంటే ఇబ్నె నఫీస్ రాసిన నాలుగు వందల ఏళ్ళ తరువాత.

ఇంత పెద్ద మాట ఆయన ఎలా అనగలిగారు? షరీఅత్ పట్ల గౌరవమూ మనసులోని దయా తనను కోసి చూడటం నుంచి ఆపాయని ఆయన తన వ్యాఖ్యానం ముందుమాటలో రాసుకున్నారు. అయినా అదే గ్రంథంలో పూర్వుల మాటను కోసి చూసినప్పుడు కనిపించే సంగతులతో సరిపోల్చి కాదంటారు. అందుకే ఆయన స్వయంగా చూశారా, ఆలోచించి తేల్చారా అన్న విషయంలో పరిశోధకుల మధ్య నేటికీ భేదాభిప్రాయాలున్నాయి. ఏదేమైనా ఆయన వాదన బలం దాని తర్కంలోనే ఉంది. దళసరి గోడ గుండా రక్తం ఊరదు. కాబట్టి దానికి వేరే దారి ఉండాలి.

ఇక్కడ గమనించదగ్గది ఆయన మర్యాద. ఇబ్నె సీనాను ఆయన ఎక్కడా తేలిక చేయలేదు. ఆయన గ్రంథాలనే జీవితమంతా బోధించారు, వాటికే వ్యాఖ్యానాలు రాశారు. గురువు పట్ల గౌరవం గురువు పొరపాటును మోయమని చెప్పదని ఆయన తన నడవడితో చూపించారు.

గుండెకు అన్నం పెట్టేదెవరు?

ఊపిరితిత్తుల గుండా రక్తం వెళ్ళే దారి గురించి చాలామంది విన్నారు. అదే గ్రంథంలో ఉన్న మరో సంగతి మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు. మన ఇళ్ళల్లోని గుండెజబ్బు రోగులకు మరింత దగ్గరి సంగతి అదే.

గుండె కుడి గదిలోని రక్తం గుండెకే ఆహారమని ఇబ్నె సీనా రాశారు. వినడానికి అది సహజంగానే ఉంటుంది. ఇంట్లో గాదె నిండా ధాన్యం ఉంటే ఇంటివాళ్ళు ఆకలితో ఉంటారా? కాని ఇబ్నె నఫీస్ దాన్ని ఒప్పుకోలేదు. గుండెకు ఆహారం గదుల్లోని రక్తం నుంచి కాదని, గుండె కండలో వ్యాపించి ఉన్న నాళాల గుండా వచ్చే రక్తం నుంచి అని ఆయన రాశారు. గుండె మీద నాళాలున్నాయన్న సంగతి పూర్వులకూ తెలుసు. అయితే గుండె బతుకు ఆ నాళాల మీదే ఆధారపడి ఉందని ఇంత ఖచ్చితంగా చెప్పి, ఖానూన్‌ను ఈ విషయంలో సవరించినది ఆయనే.

ఆయనకు అన్నీ తెలుసునని మనం అనకూడదు. శరీరమంతటా రక్తం చక్రంలా తిరుగుతుందని ఆయన చెప్పలేదు. ఆ మాట 1628లో ఇంగ్లండుకు చెందిన విలియం హార్వే చెప్పాడు. గుండె ఎడమ గదిలో రక్తమూ గాలీ కలిసి ప్రాణశక్తి పుడుతుందన్న పాత నమ్మకాన్ని ఇబ్నె నఫీస్ కూడా నమ్మారు. గుండె నాళాలు జబ్బుపడితే ఏమవుతుందో ఆయన చెప్పలేదు. ఆయన వేసినది పునాది మాత్రమే. ఆ పునాది మీద లేచిన ఇల్లు ఎలాంటిదో కొంచెం చూద్దాం. అప్పుడు గాని ఆయన మాట విలువ తెలియదు.

శ్రమ వచ్చినప్పుడు తెలిసే నిజం

1768లో లండన్‌లో విలియం హెబర్డెన్ అనే వైద్యుడు ఒక జబ్బును వర్ణించాడు. నడిచేటప్పుడు, ముఖ్యంగా ఎత్తు ఎక్కేటప్పుడు, భోజనం చేసిన వెంటనే నడిచేటప్పుడు రొమ్ములో బిగపట్టినట్టు నొప్పి వస్తుందని, నిలబడగానే పోతుందని చెప్పాడు. దానికి ఆంజైనా అని పేరు పెట్టాడు. కారణం మాత్రం ఆయనకు దొరకలేదు. మశూచికి టీకా కనుగొన్న ఎడ్వర్డ్ జెన్నర్, అలాంటి రోగుల గుండె నాళాలు గట్టిపడి ఉండటం చూసి, జబ్బు ఆ నాళాల్లోనే ఉందని అనుమానించాడు. అంటే గుండె ఆకలి వెనుక ఉన్నది ఇబ్నె నఫీస్ చెప్పిన ఆ నాళాలే.

ఇప్పుడు ఆ నాళాల పని మరింత వివరంగా తెలిసింది. మనిషి ఊరికే కూర్చున్నప్పుడు గుండె తనకోసం నిమిషానికి సుమారు 250 మిల్లీలీటర్ల రక్తం తీసుకుంటుంది. శరీరంలోని చాలా అవయవాలు తమకు వచ్చిన రక్తంలోని ఆక్సిజన్‌లో నాలుగో వంతు మాత్రమే వాడుకొని మిగతాది వదిలేస్తాయి. అవసరం పెరిగితే ఆ మిగులు నుంచి తీసుకుంటాయి. గుండె సంగతి వేరు. అది విశ్రాంతిలో ఉన్నప్పుడే సుమారు 70 శాతం ఆక్సిజన్‌ను వాడేసుకుంటుంది. దానికి మిగులు చాలా తక్కువ. కాబట్టి పరుగెత్తినా, బరువు మోసినా, మెట్లెక్కినా గుండెకు ఒకటే దారి. నాళాలు వెడల్పై ఎక్కువ రక్తం రావాలి.

ఆరోగ్యమైన నాళాలు ఆ పని చక్కగా చేస్తాయి. గుండె వేగం పెరిగి కండకు ఆక్సిజన్ అవసరం పెరగగానే, కండ లోపలి సన్నటి నాళాలు విచ్చుకుంటాయి. రక్త ప్రవాహం వేగమవుతుంది. ఆ ప్రవాహపు ఒరిపిడి తగలగానే పెద్ద నాళాల లోపలి పలుచటి పొర నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును విడుదల చేస్తుంది. దాంతో నాళపు గోడ సడలి దారి మరింత వెడల్పవుతుంది. ఇలా కఠిన శ్రమలో గుండెకు చేరే రక్తం మూడు నుంచి ఐదు రెట్లు పెరుగుతుంది. ఈ వాయువు పనితనం కనుగొన్న ముగ్గురు శాస్త్రవేత్తలకు 1998లో నోబెల్ బహుమతి లభించింది. సృష్టికర్త మన రొమ్ములో పెట్టిన ఈ ఏర్పాటును మనం గమనించకుండానే రోజుకు ఎన్నోసార్లు వాడుకుంటున్నాం.

జబ్బుపడిన నాళం కథ వేరు. పొగాకు, మధుమేహం, అధిక రక్తపోటు, రక్తంలో చెడు కొవ్వు ఆ లోపలి పొరను దెబ్బతీస్తాయి. గోడలో కొవ్వు పేరుకొని దారి ఇరుకవుతుంది. వింత ఏమిటంటే, నాళపు వెడల్పులో సగం దాకా పూడినా కఠిన శ్రమలో కూడా సాధారణంగా లోటు తెలియదు. అంతకు మించి ఇరుకైనా విశ్రాంతిలో ఉన్నంతసేపు గుండెకు సరిపడా రక్తం అందుతూనే ఉంటుంది. ఎందుకంటే ముందున్న సన్నటి నాళాలు అప్పటికే విచ్చుకొని లోటును పూడుస్తుంటాయి. శ్రమ వచ్చినప్పుడు అవి ఇంకా విచ్చుకోలేవు. వాటి శక్తి అప్పటికే ఖర్చయిపోయి ఉంటుంది. కూర్చున్నప్పుడు లేని నొప్పి మెట్ల మీద రావడానికి కారణం ఇదే.

ఇంకొక సంగతి కూడా ఉంది. రోగుల చేత సైకిల్ తొక్కిస్తూ గుండె నాళాలను ఎక్స్‌రే చిత్రాలు తీసి చూసిన పరిశోధనలు 1980లలో జరిగాయి. శ్రమలో ఆరోగ్యమైన నాళాలు విచ్చుకున్నాయి. జబ్బుపడిన భాగాలు మాత్రం విచ్చుకోవడానికి బదులు మరింత ముడుచుకున్నాయి. లోపలి పొర దెబ్బతిన్నందున, దారి విప్పమనే కబురు గోడకు సరిగ్గా అందదు. బిగించమనే కబురు మాత్రం అందుతుంది. అవసరమైన వేళకే దారి మూసుకుపోవడం ఈ జబ్బులోని అసలు ప్రమాదం. మనసు మీద పడే ఒత్తిడికి కూడా జబ్బుపడిన నాళాలు ఇలాగే ముడుచుకోవచ్చునని తరువాతి పరిశోధనలు చూపాయి. అందుకే వైద్యులు గుండె అసలు స్థితి తెలుసుకోవడానికి మనిషిని ట్రెడ్‌మిల్ మీద నడిపించి ఇసిజి తీస్తారు. పడుకోబెట్టి తీసిన ఇసిజి బాగుండవచ్చు. లోపం పరీక్షలోనే బయటపడుతుంది.

మందుకన్నా ముందు ఆహారం

ఇబ్నె నఫీస్ (రహ్మలై) చికిత్సా విధానం కూడా తెలుసుకోదగ్గది. ఆహారంతో నయమయ్యేదానికి ఆయన మందు ఇచ్చేవారు కాదు. ఒక్క మూలికతో తగ్గేదానికి పది మూలికలు కలిపిన మందు రాసేవారు కాదు. ఆయన రాసిచ్చే చీటీల్లో మందులకన్నా తినే పదార్థాలే ఎక్కువగా ఉంటున్నాయని మందుల వర్తకులు విసుక్కునేవారట.

ఆయన రాసిన మూజజ్ అనే గ్రంథం ఖానూన్‌కు సంక్షిప్త రూపం. అందులో ఆరోగ్యాన్ని నిలబెట్టే ఆరు అవసరాల గురించి ఉంటుంది. గాలి, అన్నపానీయాలు, శరీర కదలిక–విశ్రాంతి, మనసు కదలిక–విశ్రాంతి, నిద్ర–మెలకువ, శరీరంలో నిలవాల్సినవి నిలవడం–పోవాల్సినవి పోవడం. యునానీ హకీములు వీటిని అస్బాబె సిత్తా జరూరియా అంటారు. శరీరానికి శ్రమ ఉండాలి, విశ్రాంతీ ఉండాలి. మనసుకు కూడా అంతే. నేటి గుండె వైద్యులు మధుమేహ రోగికీ రక్తపోటు రోగికీ చెప్పే జాగ్రత్తల్లో ఈ ఆరింటిలో చాలావరకు కనిపిస్తాయి.

ఈ గ్రంథానికి మన దేశంతో కూడా సంబంధం ఉంది. దీనికి 15వ శతాబ్దంలో కిర్మాన్‌కు చెందిన హకీం నఫీస్ బిన్ ఇవజ్ ఒక వ్యాఖ్యానం రాశారు. ఆ వ్యాఖ్యానాన్ని ఆయన పేరు మీదుగా నఫీసీ అంటారు. పేర్లు ఒకేలా ఉన్నా ఇద్దరూ వేరు వేరు వ్యక్తులు. మూజజ్, నఫీసీ గ్రంథాలను హిందూస్తాన్‌లోని యునానీ విద్యార్థులు తరతరాలుగా చదివారు. హైదరాబాద్‌లో చార్మినార్ ప్రక్కనున్న యునానీ దవాఖానాకు వెళ్ళే మన పెద్దలు, తమకు తెలియకుండానే, ఆ హకీముల సంప్రదాయపు నీడలోకి వెళ్ళి వస్తున్నారు.

కలం ఆగని మనిషి

ఆయన రాసే తీరు గురించి చరిత్రకారులు ఆశ్చర్యంగా చెప్పారు. రాయడానికి కూర్చునే ముందు శిష్యులు కలాలు చెక్కి సిద్ధంగా పెట్టేవారు. ఆయన గోడ వైపు తిరిగి కూర్చొని, ఏ గ్రంథమూ తెరవకుండా, జ్ఞాపకం నుంచి రాసుకుంటూ పోయేవారు. ఒక కలం అరిగితే దాన్ని పక్కన పడేసి ఇంకొకటి అందుకునేవారు. మళ్ళీ చెక్కుతూ కూర్చుంటే ఆలోచన తెగిపోతుందని.

ఒకసారి కైరోలోని ఒక హమాంలో స్నానం చేస్తుండగా ఆయనకు ఏదో తట్టింది. స్నానం మధ్యలోనే బయటి గదిలోకి వచ్చి సిరా, కలం, కాగితాలు తెప్పించుకున్నారు. నాడి గురించి ఒక పుస్తకం రాయడం మొదలుపెట్టి, పూర్తయ్యాక లోపలికి వెళ్ళి స్నానం ముగించారు. గుండె చప్పుడు మణికట్టు దగ్గర వినిపించే ఆ నాడి మీద ఆయన మనసు అంతగా లగ్నమై ఉండేది.

అష్షామిల్ పేరుతో ఆయన ఒక మహా వైద్య గ్రంథాన్ని మొదలుపెట్టారు. దాన్ని 300 సంపుటాలుగా పూర్తి చేయాలనుకున్నారు. అందులో 80 సంపుటాలు మాత్రమే శుద్ధప్రతిగా సిద్ధమయ్యాయి. హదీసు శాస్త్ర సూత్రాల మీద ఒక సంక్షిప్త గ్రంథం రాశారు. అర్రిసాలతుల్ కామిలియా అనే కథా గ్రంథం కూడా రాశారు. అందులో మనుషులు లేని దీవిలో ఒంటరిగా పెరిగిన ఒక వ్యక్తి, తన బుద్ధితో సృష్టిని గమనిస్తూ సృష్టికర్తను తెలుసుకుంటాడు. దైవప్రవక్తల అవసరాన్ని, అంతిమ దైవప్రవక్త (సఅసం) జీవిత విశేషాలను గ్రహిస్తాడు. బుద్ధి, విశ్వాసం ఒకదానికొకటి శత్రువులు కావన్నది ఆ కథ సారాంశం. ఇబ్నె నఫీస్ జీవితం కూడా అలాంటిదే.

విద్యాగోష్ఠి అంటే ఆయనకు ప్రాణం. ఒక రాత్రి ఇషా నమాజు తరువాత చరిత్రకారుడు ఖాజీ ఇబ్నె వాసిల్‌తో చర్చకు కూర్చుంటే, ఒక విద్య నుంచి మరో విద్యకు మాట సాగుతూ తెల్లవారింది. ఖాజీగారు ఆవేశంతో స్వరం పెంచినా ఇబ్నె నఫీస్ నిదానంగానే మాట్లాడారని, చివరికి తమ దగ్గరున్నది కొంత విద్య మాత్రమేనని, ఆయన దగ్గరున్నది విద్యల భాండాగారమని ఖాజీగారే ఒప్పుకున్నారని చెబుతారు.

చివరి ఆరు రోజులు

ఆయన పెళ్ళి చేసుకోలేదు. వైద్యంలో వచ్చిన సంపాదనతో కైరోలో పాలరాతి పరుపులతో మంచి ఇల్లు కట్టుకున్నారు. ఆ ఇంట్లో గ్రంథాలు నిండి ఉండేవి. పెద్దలు, అమీర్లు, వైద్యులు అక్కడికి వచ్చి కూర్చునేవారు.

1288 డిసెంబరులో ఆయన జబ్బుపడ్డారు. ఆరు రోజులు మంచం మీద ఉన్నారు. తోటి వైద్యులు వచ్చి చూశారు. ఆ జబ్బుకు కొంచెం సారాయి పుచ్చుకుంటే గుణం కనిపిస్తుందని వారు సలహా ఇచ్చారు. ఆనాటి వైద్యంలో సారాయిని మందుగా వాడే అలవాటు ఉండేది. ఆ సంగతి ఇబ్నె నఫీస్‌కు వారికన్నా బాగా తెలుసు. అయినా ఆయన ఒప్పుకోలేదు. తన కడుపులో సారాయి ఉండగా అల్లాహ్ సన్నిధికి వెళ్ళడం తనకు ఇష్టం లేదని నెమ్మదిగా చెప్పారు. హిజ్రీ 687 జుల్‌ఖఅదా నెల 21వ తేదీ, క్రీ.శ. 1288 డిసెంబరు 17వ తేదీ శుక్రవారం నాడు ఆయన ఇహలోకం వీడారు. ఇన్నాలిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్.

నాలుగేళ్ళ ముందు, 1284లో, సుల్తాన్ ఖలావూన్ కైరోలో మన్సూరీ బీమారిస్తాన్ అనే గొప్ప ఆసుపత్రిని కట్టించారు. ఇబ్నె నఫీస్ తన ఇంటినీ గ్రంథాలయాన్నీ ఆ ఆసుపత్రికి వక్ఫ్ చేసి వెళ్ళిపోయారు. పిల్లలు లేని ఆ మనిషి తన ఇంటిని రోగులకూ విద్యార్థులకూ వారసత్వంగా ఇచ్చారు. జీవితమంతా గుండెకు ఆహారం ఎక్కడి నుంచి వస్తుందో ఆలోచించిన వ్యక్తి, పోతూ పోతూ ఒక ఆసుపత్రికి ఆహారం ఏర్పాటు చేశారు.

మరుగున పడి, మళ్ళీ వెలుగులోకి

ఆయన మాటలు చాలాకాలం మరుగున పడ్డాయి. మూజజ్‌ను అందరూ చదివారు. కాని శరీర నిర్మాణం మీది వ్యాఖ్యానం గ్రంథాలయాల అరల్లో ఉండిపోయింది. 1553లో స్పెయిన్‌కు చెందిన సెర్వెటస్, 1559లో ఇటలీకి చెందిన కొలంబో ఊపిరితిత్తుల గుండా రక్తం వెళ్ళే దారిని రాశారు. దాన్ని మొదట కనుగొన్నది వారేనని యూరప్ నమ్మింది. ఇబ్నె నఫీస్ రచనల్లో కొంత భాగాన్ని ఆల్పాగో అనే వైద్యుడు లాటిన్‌లోకి అనువదించగా అది 1547లో వెనిస్‌లో అచ్చయింది. ఆ మాటలు వారి చెవిన పడ్డాయో లేదో అన్న చర్చ నేటికీ తెగలేదు.

1924లో ముహ్యుద్దీన్ తతావీ అనే ఈజిప్టు యువ వైద్యుడు జర్మనీలో డాక్టరేట్ కోసం చదువుతూ, బెర్లిన్ గ్రంథాలయంలో ఈ వ్యాఖ్యానం చేతిరాత ప్రతిని చూశాడు. ఏడు వందల ఏళ్ళ నాటి ఆ పుటల్లో ఏముందో చదివి, దాని మీదే తన పరిశోధనా వ్యాసం సమర్పించాడు. ఆ తరువాత మాక్స్ మేయర్‌హోఫ్ అనే పండితుడు దాన్ని లోకానికి వివరంగా తెలియజేశాడు. అలా ఒక పాత సత్యం అసలు యజమాని పేరుతో మళ్ళీ నిలబడింది.

మనం గ్రహించవలసింది

ఈ మహనీయుని జీవితం చదివి, మనవాళ్ళు ఎంత గొప్పవారో అని మురిసిపోయి పుస్తకం మూసేస్తే ప్రయోజనం లేదు. ఆయన పెద్దల మాట విన్నారు, గౌరవించారు, అయినా పరీక్షించి చూశారు. మన ఇళ్ళల్లో గుండె విషయంలో చాలామంది అలా పరీక్షించరు. మెట్లెక్కితే రొమ్ము పట్టేసినా అది గ్యాస్ అంటారు. తరావీహ్ నమాజులో ఆయాసం వస్తే వయసు అంటారు. కూర్చుంటే తగ్గిపోయింది కదా అని ఊరుకుంటారు. కూర్చుంటే తగ్గిపోవడమే ఆ జబ్బుకు గుర్తు అని ఇప్పుడు మనకు తెలిసింది.

శ్రమ చేసినప్పుడు రొమ్ములో బిగపట్టడం, దవడకో ఎడమ చేతికో నొప్పి పాకడం, మునుపు లేని ఆయాసం – వీటిలో ఏది కనిపించినా వైద్యునికి చూపించాలి. స్త్రీలలోనూ మధుమేహం ఉన్నవారిలోనూ నొప్పి లేకుండా ఆయాసం, నీరసం మాత్రమే ఉండవచ్చు. ఇంట్లో అందరికీ వండిపెట్టి చివర తినే అమ్మల ఆయాసాన్ని ఎవరూ పట్టించుకోరు. ముందు వారినే అడగాలి. విశ్రాంతిలో కూడా నొప్పి వచ్చి కొన్ని నిమిషాల్లో తగ్గకపోతే, చెమటలు పడితే, ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయాలి.

నాళాలు ఇంకా బాగున్నవారికి కూడా ఇందులో మాట ఉంది. వారానికి కనీసం 150 నిమిషాలు చురుకుగా నడిస్తే నాళాల లోపలి పొర తన గుణాన్ని నిలుపుకుంటుంది. బీడీ, సిగరెట్ దాన్ని చంపుతాయి. జబ్బు ఉన్నవారు మాత్రం ఎంత నడవాలో వైద్యుణ్ణి అడిగి తెలుసుకోవాలి.

మనిషి గుణం కూడా నాళం లాంటిదే. సుఖంగా ఉన్నప్పుడు ఎవరి విశ్వాసం ఎంతటిదో తెలియదు. కష్టం వచ్చినప్పుడు కొందరి మనసు విచ్చుకుంటుంది, కొందరిది ముడుచుకుపోతుంది. మరణశయ్య మీద ఇబ్నె నఫీస్ (రహ్మలై) మనసు విచ్చుకుంది. ప్రాణాన్ని నిలుపుతుందని చెప్పిన గిన్నెను పక్కన పెట్టి, తన ఇంటిని రోగులకు ఇచ్చి వెళ్ళారు. అల్లాహ్ ఆయన సేవలను స్వీకరించుగాక! మన హృదయాలను శరీరంలోనూ విశ్వాసంలోనూ ఆరోగ్యంగా ఉంచుగాక! ఆమీన్.